‘ఇంట్రెస్ట్ వస్తలేదు సార్’ అనే మాట వెనక

నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు జూనియర్ కాలేజీల్లో ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పాను. అన్నేళ్లలో పిల్లల నోట నేను ఎక్కువగా విన్న మాట ‘ఇంట్రెస్ట్ వస్తలేదు సార్’. బతుకమ్మ, దసరా సెలవులు అయిపోయి కాలేజీ మొదలయ్యాక ఇది వినిపిస్తుంది. సంక్రాంతి నాటికి మంచిగా చదివే పిల్లలు కూడా అంటారు. మొదట్లో నేను అందరూ చెప్పేదే చెప్పేవాణ్ణి. కష్టపడాలి, మనసు పెట్టాలి, ఇంటి పరిస్థితి గుర్తుంచుకోవాలి అని. వాళ్లు తల ఊపి వెళ్లేవాళ్లు. రెండు రోజులు తెల్లారకముందే లేచి చదివేవాళ్లు. మూడో రోజు నుంచి మళ్లీ మామూలే.

కొన్నేళ్లు పోయాక నేను చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టాను. ఎప్పటి నుంచి ఇంట్రెస్ట్ లేదు? ఏ పాఠం దగ్గర? పుస్తకం తెరిస్తే ఏమనిపిస్తుంది? అప్పుడు తెలిసింది, ఆ ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇబ్బందులు ఎన్నో ఉన్నాయని. కడుపునొప్పి అని వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే గోళీ ఇవ్వం కదా. చదువు విషయంలో మాత్రం అందరికీ ఒకటే స్పీచ్ ఇస్తున్నాం. అందుకే ఆ ఇబ్బందులను ఒక్కొక్కటిగా విడదీసి చూడాలని ఈ ప్రయత్నం.

ద్రవ్యవేగం వచ్చు, మొమెంటమ్ రాదు

కనగల్ వైపు ఒక ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉండేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, సైన్సులో మంచి మార్కులు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది, అదీ ఇంగ్లీష్ మీడియంలో. దీపావళి దాటాక ఒకరోజు వచ్చి, “ఫిజిక్స్ నాకు పడదు సార్. ఇంట్రెస్టే వస్తలేదు. సీఈసీకి మారుత” అంది.

మొమెంటమ్ అంటే ఏంటమ్మా అని అడిగాను. తల దించుకుంది. సరే, ద్రవ్యవేగం అంటే? వెంటనే తల ఎత్తి, “ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది సార్” అంది. రెండూ ఒకటే అని చెబితే నా మొహం చూస్తూ నిలబడిపోయింది. ఇనర్షియా అంటే ఆమెకు ఎప్పుడో తెలిసిన జడత్వం. అక్సెలరేషన్ అంటే త్వరణం. రిఫ్రాక్షన్ అంటే వక్రీభవనం. తొమ్మిది, పది తరగతుల్లో చక్కగా నేర్చుకున్న సంగతులే పేరు మార్చుకొని ఎదురొస్తే, ఇవన్నీ తనకు రానివి అనుకుంది. నాలుగు నెలలు రోజూ క్లాసులో కూర్చొని ఏమీ అర్థం కాకపోతే ఎవరికి మాత్రం మనసు నిలుస్తుంది?

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషికి ఒక పని మీద మనసు నిలవాలంటే మూడు కావాలని చెప్పారు. ఈ పని నేను చేయగలను అనిపించాలి. ఇది నా ఇష్టంతో చేస్తున్నాను అనిపించాలి. నాకు నా వాళ్లు ఉన్నారు అనిపించాలి. ఈ అమ్మాయికి పోయింది మొదటిది. అది పోయినప్పుడు బయటికి కనిపించేది ‘ఇంట్రెస్ట్ లేకపోవడమే’. పిల్లలు కూడా అలాగే చెప్తారు. నాకు రాదు అని ఒప్పుకోవడం కంటే నాకు ఇష్టం లేదు అని చెప్పుకోవడం ఏ వయసులోనైనా తేలికే.

ఆమెతో ఒక నోట్‌బుక్ పెట్టించాను. ఒకవైపు ఇంగ్లీష్ మాట, ఇంకోవైపు తెలుగు మాట, రోజుకు ఐదు. ఇంతకు మించి నేను చేసిందేమీ లేదు. సంక్రాంతి నాటికి ఆ నోట్‌బుక్ క్లాసులో చేతులు మారుతూ తిరిగింది. ఆమె గ్రూపు మారలేదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. అప్పుడు ఒక పేజీ ఇంగ్లీషులో, పక్క పేజీ తెలుగులో ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఆ పుస్తకాలు ఇంట్లో ఉంటే పాతపేపర్ల వాళ్లకు వేయకండి. ఇంటర్‌కు వచ్చిన అన్నకో అక్కకో అవే పనికొస్తాయి.

లెక్కల్లోనూ ఇదే కథ. భిన్నాలు సరిగా రాకుండానే పది పాసై వచ్చిన పిల్లవాడి ముందు ట్రిగొనామెట్రీ పెడితే వాడు ఏం చేస్తాడు? అలాంటి వాళ్లకు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ఒక నెల చేయమని చెప్పేవాణ్ణి. హాస్టల్లో తోటివాళ్లు చూస్తే నవ్వుతారని అట్ట వేసుకొని చదివినవాళ్లు ఉన్నారు. అట్ట వేసుకున్నా పరవాలేదు, వెనక్కి వెళ్లి ఆ గుంత పూడ్చుకోవడమే ముఖ్యం.

మోటారు నీళ్లు ఎత్తుకోవాలంటే

పాఠం అర్థమవుతుంది, అయినా కూర్చోబుద్ధి కాదు. ఇది వేరే ఇబ్బంది. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఈ రకమే.

బావి గట్టు మీద మోటారు పెట్టుకున్న రైతులకు ఒక సంగతి తెలుసు. స్విచ్ వేయగానే నీళ్లు రావు. పైపులో గాలి ఉంటే మోటారు ఉత్తగా తిరుగుతుంది. ముందు పైన బిందెతో నీళ్లు పోసి పైపు నింపాలి. అప్పుడు ఎత్తుకుంటుంది. ఒకసారి ఎత్తుకున్నాక ఇక చూడక్కర్లేదు, మడి నిండేదాకా పోస్తూనే ఉంటుంది. చదువు దగ్గర మనం దీన్ని తలకిందులు చేసుకున్నాం. మూడ్ వస్తే కూర్చుంటా అని పిల్లలు ఎదురు చూస్తుంటారు. మూడ్ ఎక్కువసార్లు కూర్చున్న పది, పదిహేను నిమిషాల తర్వాత వస్తుంది. ఒక లెక్క తెగితే ఇంకోటి చేయాలనిపిస్తుంది. ఆ మొదటి పది నిమిషాలు ఇష్టం లేకుండానే గడవాలి. అది బిందెతో పోసే నీళ్ల వంటిది.

ఆ పది నిమిషాలు ఎలా కూర్చోవాలి అనేదానికి పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పని నాకు బాగా ఉపయోగపడింది. వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి ఆయన ఒక పరీక్ష చేసి 1997లో ప్రచురించారు. క్రిస్మస్ సెలవుల్లో ఒక చిన్న రిపోర్టు రాసి పంపమని విద్యార్థులను అడిగారు. పండుగ దాటిన రెండు రోజుల్లోపు రాయాలి. కొందరిని మాత్రం ఎప్పుడు రాస్తారో, ఎక్కడ కూర్చొని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది గడువులో రాశారు. మిగతావాళ్లలో మూడింట ఒక వంతు మందే రాశారు. రాయాలనే కోరిక ఇద్దరికీ ఉంది. తేడా అంతా వేళ, చోటు ముందే ఖాయం చేసుకోవడంలో ఉంది.

‘రేపటి నుంచి గట్టిగా చదువుతా’ అనే మాటలో వేళా లేదు, చోటూ లేదు. ‘బస్సు దిగి, కాళ్లు కడుక్కొని, చాయ్ తాగిన తర్వాత అరుగు మీద కూర్చొని ఫిజిక్స్‌లో రెండు లెక్కలు’ అనేదాంట్లో రెండూ ఉన్నాయి.

గురుకులాల నుంచి వచ్చిన పిల్లల విషయం ఇక్కడ చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి సర్కారు గురుకుల పాఠశాల 1971లో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో మొదలైంది. ఆ బడుల వల్ల ఎన్ని పేద ఇళ్లల్లో దీపం వెలిగిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అయితే గురుకులంలో బాగా చదివిన పిల్లలు డిగ్రీకి వచ్చి రూములో ఉండడం మొదలుపెట్టగానే కుంగిపోవడం చాలాసార్లు చూశాను. “అక్కడ ఐదు గంటలకే లేచి చదివేవాణ్ణి సార్, ఇప్పుడు నాకేమైందో తెలుస్తలేదు” అంటారు. వాళ్లకు ఏమీ కాలేదు. అక్కడ గంట కొట్టేవాళ్లు, స్టడీ అవర్‌కు వేళ, చోటు వాళ్లే ఖాయం చేసేవాళ్లు. ఇక్కడ ఆ గంట లేదు. దాన్ని తన చేత్తో తాను కొట్టుకోవడం అలవాటు కావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో తనను తాను సోమరి అని తిట్టుకోవడం మొదలుపెడితే ఆ పిల్లవాడు మనకు దక్కడు.

ఫోన్ గురించి తల్లిదండ్రులు చాలా అడుగుతారు. నేను చెప్పేది ఒకటే. చదివే గంట ఫోన్ వేరే గదిలో ఉండాలి. పిల్లవాడిది మాత్రమే కాదు, ఆ గంట మీది కూడా.

ఫుట్‌వాల్వ్ కారితే

రోజూ గంటల తరబడి చదువుతారు, అయినా పరీక్షలో గుర్తుండదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి మనసు విరిగిపోతుంది. ‘ఎంత చదివినా ఇంతే’ అనేస్తారు. మోటారు భాషలో చెప్పాలంటే వీళ్లది ఫుట్‌వాల్వ్ కారడం. పైపు అడుగున ఉండి, నీళ్లు వెనక్కి పోకుండా ఆపేదే ఫుట్‌వాల్వ్. పోసిన నీళ్లు రాత్రికి రాత్రి బావిలోకి దిగిపోతున్నాయి.

ఇక్కడ తప్పు చదివే పద్ధతిలో ఉంది. మన దగ్గర చదవడం అంటే చదివిందే మళ్లీ చదవడం, గట్టిగా బయటికి చదవడం, గీతలు గీయడం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీన్ని పరీక్షించారు. కాలేజీ పిల్లలకు చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిందే బాగా వచ్చింది. వారం తర్వాత పెడితే తిరగబడింది. రెండుసార్లు చదివిన పాఠంలో 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసిన పాఠంలో 56 శాతం గుర్తుంది.

ఆ ఐదు నిమిషాల ఫలితమే పిల్లలను మోసం చేసేది. మళ్లీ చదివినప్పుడు అక్షరాలు తెలిసినట్టు అనిపిస్తాయి, ధైర్యంగా పుస్తకం మూసేస్తారు. చూడకుండా రాయబోతే సగం రాదు, భయమేస్తుంది. అందుకే ఎవరూ ఆ పని చేయరు. కానీ ఆ రాని సగాన్ని తలలో వెతుక్కునే కష్టమే పాఠాన్ని నిలబెడుతుంది. తెల్లకాగితం మీద గుర్తున్నంత రాసి, పుస్తకం తెరిచి పోల్చుకొని, మూడు రోజుల తర్వాత మళ్లీ అదే చేసిన పిల్లలకు నెలలోపే తేడా కనిపిస్తుంది. ఆ కాగితాలు పారేయకుండా దాచుకోమంటాను. మొదటి కాగితంలో నాలుగు వాక్యాలు, నాలుగోదాంట్లో పేజీన్నర. నేను ముందుకు పోతున్నాను అని కళ్లతో చూసుకోవడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

నిద్ర కూడా దీనిలో భాగమే. పగలు నేర్చుకున్నది మెదడులో గట్టిపడేది నిద్రలో. పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడం ఫుట్‌వాల్వ్‌ను చేతులారా విప్పుకోవడమే.

ఫలితం తన చేతిలో లేనప్పుడు

జిల్లా గ్రంథాలయంలో పొద్దున్నే టిఫిన్ బాక్సుతో వచ్చి, తాళం వేసేదాకా కూర్చునే యువతీయువకుల గురించి మాట్లాడాలంటే నాకు బాధగా ఉంటుంది. వాళ్లలో నా దగ్గర చదివినవాళ్లు ఉన్నారు.

గ్రూప్-1 సంగతే తీసుకోండి. రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీతో 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. ఇరవై నాలుగేళ్లకు పుస్తకం పట్టినవాడికి ఇరవై ఏడొచ్చాయి. ఊళ్లో తోటివాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. ఇంటికి ఫోన్ చేస్తే ‘ఏమైందిరా’ అనే ప్రశ్న.

ఇలాంటి వాళ్లకు ఇంట్రెస్ట్ పోతే అది వాళ్ల తప్పు కాదు. శ్రమకు ఫలితానికి మధ్య ఉన్న దారిని ఎవరో పదే పదే తెంపేస్తుంటే ఏ మనసైనా అలసిపోతుంది. పరీక్షలు చెప్పిన తేదీకి, లీకు లేకుండా జరగడం కంటే పెద్ద మోటివేషన్ ప్రభుత్వం ఇవ్వగలిగింది లేదు. ఈ మాట నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను.

అయినా ఆ పిల్లలు ఈరోజు ఎలా చదవాలి? ఉద్యోగాన్ని ఒక్కదాన్నే కొలతగా పెట్టుకున్నవాళ్లు ప్రతి వాయిదాకూ కుప్పకూలడం చూశాను. ముగ్గురు నలుగురు కలిసి, వారానికి ఒక అంశం పంచుకొని, ఆదివారం ఒకరికొకరు చెప్పుకున్నవాళ్లు నిలబడ్డారు. వాళ్లకు వారంవారం అందే ఫలితం ఒకటుంది. తోడు కూడా ఉంది. డెసీ, ర్యాన్ చెప్పిన మూడోది, నాకు నా వాళ్లు ఉన్నారు అనిపించడం, అదే. ఇంకొకటి, ఎన్ని ప్రయత్నాల తర్వాత వేరే దారి చూసుకోవాలో ముందే ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవడం మంచిది. ఆ మాట తేలితే గుండె మీద బరువు తగ్గి చదువు బాగా సాగుతుందని చెప్పినవాళ్లు నాకు తెలుసు.

ఇంటి మాట

‘ఫస్ట్ క్లాసు వస్తే ఫోన్ కొనిస్త’ అని చెప్పే తండ్రులు ప్రతి ఊళ్లో ఉన్నారు. 1973లో మార్క్ లెపర్, మరో ఇద్దరు పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని ఒక నర్సరీ బడిలో బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లలను చూశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. వాళ్లు వేశారు, బహుమతి తీసుకున్నారు. కొద్ది రోజుల తర్వాత ఆటల వేళలో చూస్తే, ఆ పిల్లలు బొమ్మల మీద గడిపే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఈ నష్టం లేదు. పిల్లలకు ఫోన్ కావాలంటే కొనివ్వండి, దాన్ని మార్కులకు ముడిపెట్టకండి.

దీనికంటే లోతుగా తగిలేది ఇంకొకటుంది. నేను మహబూబ్‌నగర్‌లో పనిచేసినప్పుడు కోస్గి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి ఒకడు ఉండేవాడు. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగ్ పనికి పోయారు. పాలమూరు వలసలు తెలిసినవాళ్లకు ఆ జీవితం వివరించక్కర్లేదు. ప్రతి ఆదివారం ఫోన్‌లో నాన్న, “నీ కోసమే గీడ ఇటుకలు మోస్తున్న బిడ్డా, సదువుకో” అనేవాడు. ప్రేమతో అన్న మాట. పిల్లవాడు మాత్రం ఆదివారం రాత్రి అన్నం తినేవాడు కాదు, సోమవారం పుస్తకం తెరిచేవాడు కాదు. “పుస్తకం తెరిస్తే నాయిన చేతులే కనవడుతయి సార్. తప్పయితే ఎట్ల అని బుగులైతది” అని ఒకసారి ఏడ్చాడు. పుస్తకం మూసేస్తే ఆ బుగులు కాసేపు తగ్గుతుంది. మనం వాయిదా వేయడం అని తిట్టేది చాలాసార్లు ఇదే, భయం నుంచి పక్కకు జరగడం. 2010లో కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేశామని తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తప్పు చేశానని కుమిలిపోవడం చదివించదు.

ఆ తండ్రితో మాట్లాడి, ఒక్క ప్రశ్న మార్చమన్నాను. ‘ఇయ్యాల ఏం నేర్సుకున్నవ్ బిడ్డా, నాక్కూడ చెప్పు’ అని అడగమన్నాను. ఆయనకు చదువు రాదు, నాకేం తెలుస్తదని సంకోచించాడు. తెలియకపోవడమే మంచిది అన్నాను. తెలియనివాళ్లకు చెప్పాలంటే పిల్లవాడు పుస్తకం చూడకుండా, సొంత మాటల్లో, మొదటి నుంచి చెప్పాలి. తెల్లకాగితం మీద రాయడానికి ఇది ఏమాత్రం తీసిపోదు.

ఎవరితోనూ మాట్లాడకుండా, తిండీ నిద్రా పోయి, బతుకు మీదే విరక్తి కలిగినట్టు ఎవరైనా పిల్లలు కనిపిస్తే అది మోటివేషన్ సంగతి కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో చెప్పే ఈ పని కనగల్ వైపు అమ్మాయికి కూడా ఇచ్చాను. వాళ్లమ్మ బడికి వెళ్లలేదు. ఆ వారం ఫ్లూయిడ్స్ పాఠం నడుస్తోంది. సాయంత్రం బావి దగ్గర వాళ్లమ్మ మోటారులో నీళ్లు పోస్తుంటే ఈ అమ్మాయి చెప్పిందట, నిజానికి మోటారు నీళ్లను గుంజదు, పైపులో గాలి లేకుండా చేస్తుంది, అప్పుడు బావిలో నీళ్ల మీద ఉన్న వాతావరణ పీడనమే వాటిని పైపులోకి నెడుతుంది అని. వాళ్లమ్మ అంతా విని, “అట్లయితే ఎండకాలం నీళ్లు కిందికి దిగినంక ఎన్ని బిందెలు పోసినా ఎందుకు ఎత్తుకోదే?” అని అడిగింది.

మర్నాడు ఫస్ట్ పీరియడ్ కంటే ముందే ఆ అమ్మాయి స్టాఫ్ రూము తలుపు దగ్గర నోట్‌బుక్ పట్టుకొని నిలబడి ఉంది. రాత్రే లెక్క వేసుకొని వచ్చింది. వాతావరణ పీడనం ఎంత గట్టిగా నెట్టినా నీళ్లు పది మీటర్లకు కొంచెం పైదాకానే లేస్తాయని తేల్చింది. “మా బాయిల ఎనిమిది మీటర్లకే ఎత్తుకుంటలేదు సార్. మిగిలిన రెండు మీటర్లు ఎటు పోయినయి?” అని అడిగింది.